పురుగు కవచం, గుడ్డు పెంకు – మన చందా చేయవలసిన పని

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి పిల్లల ఆరోగ్యం మీద మాట్లాడమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. మేము డాక్టర్లం కాము, బడిలో జీవశాస్త్రం చెప్పుకునేవాళ్ళం. అందుకే మా పాఠాల్లో నుంచే ఒక విషయం తీసుకున్నాం. పిల్లల కడుపులో బతికే గుండ్రటి పురుగుల ఒంటిని కప్పి ఉండే పొర గురించి నేడు మాట్లాడుకుందాం. భోజనాలకు ముందు ఇదేం మాట అని ముందు వరుసలో కొందరు నవ్వుతున్నారు. ఫరవాలేదు, బడిలో పిల్లలూ ఇలాగే నవ్వుతారు.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. చందా కోసం ఇంటింటికీ వెళ్ళినప్పుడు దాతలు ఒక ప్రశ్న వేస్తున్నారు. "పురుగుల మాత్ర ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది కదా, మరి మరుగుదొడ్లకీ, కుళాయిలకీ, సబ్బులకీ, చెప్పులకీ మన డబ్బు ఎందుకు?" అని. న్యాయమైన ప్రశ్న. డబ్బిచ్చేవారికి అడిగే హక్కు ఉంది. దీనికి జవాబు ఆ పురుగు చర్మంలోనూ, దాని గుడ్డు పెంకులోనూ దొరుకుతుంది.

ఏ పురుగులు?

మన ఇళ్ళలో "పేట్ మే కీడే" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. కాని వాటిలో రకాలున్నాయి. ఏలికపాము అన్నిటికంటే పెద్దది. ఆడ పురుగు జానెడుకు మించి, 20 నుంచి 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కొంకిపురుగు ఒక సెంటీమీటరు ఉంటుందేమో, కాని పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది. కొరడా పురుగు పెద్దపేగులో తల దూర్చి ఉంటుంది. కోస్తా జిల్లాల వారికి తెలిసిన బోదకాలు పురుగు కూడా ఈ జాతిదే, అయితే అది దోమ ద్వారా వస్తుంది, పేగులో ఉండదు. మట్టి ద్వారా వచ్చే మొదటి మూడు రకాలూ ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందికి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువ నష్టపోయేది బడి ఈడు పిల్లలు, అందులోనూ పేదవాడల పిల్లలు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మనం తిన్న మాంసాన్ని మన కడుపు కొన్ని గంటల్లో కరిగించేస్తుంది. ఏలికపాము కూడా మాంసకృత్తులతో తయారైన జీవే. అదే పేగులో, అదే జీర్ణరసాల మధ్య ఏడాది, ఏడాదిన్నర బతుకుతుంది. అది ఎందుకు అరిగిపోదు?

పొర మీద పొర

ఏలికపాము ఒంటి మీది కప్పును మా పాఠ్యపుస్తకాల్లో అవభాసిని అంటాం. మందం మిల్లీమీటరులో పదో వంతు లోపే. అందులో జీవకణాలు ఉండవు. దాని కింద ఉన్న సజీవమైన పొర దీన్ని స్రవించి, తన మీద తానే కప్పుకుంటుంది. చర్మానికే కాదు, పురుగు నోటికీ, గొంతుకీ, మలద్వారానికీ లోపలి అస్తరుగా కూడా ఇదే పొర ఉంటుంది.

ఇందులో స్థూలంగా నాలుగు అంతస్తులు చెప్పుకోవచ్చు. అన్నిటికంటే పైన అతి పలచని, కొవ్వు పదార్థాలు కలిగిన పొర. దాని మీద చక్కెరలు కలిసిన మాంసకృత్తుల పూత ఉంటుంది. దాని కింద గట్టి బెరడు. ఆ కింద మెత్తని నడిమి పొర. అడుగున నారల పొర. ఈ నారల పొర నిర్మాణం తెలుసుకోదగినది. ఏలికపాములో నారలు మూడు వరుసలుగా ఉంటాయి. ఒక వరుస ఒక వైపు వాలితే, తర్వాతి వరుస ఎదురు వైపు వాలుతుంది. మన నులక మంచం అల్లిక గుర్తు చేసుకోండి. ఒక్కొక్క నార సాగదు, కాని అల్లిక మొత్తం కొంచెం సాగుతుంది, కొంచెం ముడుచుకుంటుంది.

ఈ అల్లిక ఎందుకు కావాలి? ఏలికపాముకు ఎముక లేదు. లోపల ద్రవం ఒత్తిడితో నిండి ఉంటుంది, గాలి కొట్టిన సైకిలు ట్యూబులాగ. 1957లో హారిస్, క్రాఫ్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఒత్తిడిని కొలిచారు. సగటున 70 మిల్లీమీటర్ల పాదరసం వచ్చింది. మన బి.పి. కొలిచేటప్పుడు కింది అంకె 80 అంటారు కదా, ఇంచుమించు దాని దగ్గరికి వస్తుంది. పురుగు కదిలినప్పుడు ఇది 200 కూడా దాటుతుంది. ఈ పురుగుకు పొడవునా సాగే కండరాలే ఉన్నాయి, చుట్టూ బిగించే కండరాలు లేవు. కండరం ముడుచుకున్నప్పుడు లోపలి ద్రవం ఒత్తుతుంది, నారల అల్లిక ఆ ఒత్తిడిని పట్టి ఉంచి, పురుగును తిరిగి యథాస్థితికి తెస్తుంది. అంటే ఈ చర్మం దానికి కవచం, అస్థిపంజరం కూడా. పేగు నిరంతరం ఆహారాన్ని కిందికి నెడుతూ ఉంటుంది. ఆ ప్రవాహానికి ఎదురీది నిలబడగలిగేది ఈ ఏర్పాటు వల్లనే.

పురుగు పెరిగేకొద్దీ పాత కవచం చాలదు. పాము కుబుసం విడిచినట్టు ఇదీ విడుస్తుంది. గుండ్రటి పురుగులన్నీ జీవితంలో 4 సార్లు కుబుసం విడుస్తాయి. అలా విడిచిన ప్రతిసారీ కింద కొత్త అవభాసిని సిద్ధంగా ఉంటుంది, దాని పైపూత కూడా మారుతుంది. మన శరీరంలోని రక్షణ కణాలు పాత పూతను గుర్తుపట్టేలోగా పురుగు కొత్త వేషంలో ఉంటుంది. కుక్కల పేగుల్లో ఉండే ఏలికపాము జాతి పిల్లపురుగైతే ఇంకా గడుసుది. రక్షణ కణాలు తన మీద వాలితే, పైపూతనే వాటితో సహా జార్చేసి తప్పించుకుంటుంది. మనుషులకు పురుగులు రాకుండా వేసే టీకా ఇంతవరకు ఒక్కటీ వాడుకలోకి రాకపోవడానికి ఇలాంటి ఎత్తులు ఒక కారణం.

పాయా గిన్నెలో రసాయన శాస్త్రం

ఇప్పుడు ఈ కవచం దేనితో తయారైందో చూద్దాం. రొయ్య పెంకులో, మిడత ఒంటి మీద ఉండేది కైటిన్. ఏలికపాము చర్మం కూడా అదే అని చాలామంది అనుకుంటారు. కాదు. దాని చర్మంలో ప్రధానమైనది కొల్లాజెన్ అనే మాంసకృత్తి. ఇది మనకు కొత్త కాదు. మన చర్మంలో, ఎముకల్లో, నరాలని మనం పిలుచుకునే కండరబంధనాల్లో ఉండేది ఇదే. మన ఇళ్ళలో పాయా వండుతాం. రాత్రి మిగిలిన పాయా పొద్దున్నకి గిన్నెలో గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది. మేక కాళ్ళలోని కొల్లాజెన్ గంటల తరబడి ఉడికి, కరిగి, జెలటిన్‌గా మారడం వల్లనే ఆ గడ్డ.

అయితే పురుగు కొల్లాజెన్‌కూ మేక కొల్లాజెన్‌కూ తేడా ఉంది. పురుగు కొల్లాజెన్ అణువులు పొట్టివి. వాటిని ఒకదానికొకటి గంధకపు బంధాలు కట్టిపడేస్తాయి. మన జుట్టుకు గట్టిదనం ఇచ్చేది ఇలాంటి బంధాలే. బ్యూటీ పార్లరులో జుట్టును రింగులు తిప్పే మందు ఈ బంధాలనే విడదీసి మళ్ళీ కడుతుంది. ఇవి చాలవన్నట్టు, టైరోసిన్ అనే భాగాలు రెండేసి కలిసిపోయి ఇంకో రకం ముడి వేస్తాయి. పై బెరడులో క్యూటిక్లిన్ అనే మరో మాంసకృత్తి ఉంది. అది ఎంత మొండిదంటే, ప్రయోగశాలలో గంధకపు బంధాలను తెంచే రసాయనం పోసి మరిగించినా కరగదు. మిగతాదంతా కరిగిపోయాక అదే మిగులుతుంది.

వీటికి తోడు ఏలికపాము తన వంతు జాగ్రత్త కూడా తీసుకుంటుంది. మన పొట్టలోని పెప్సిన్, పేగులోని ట్రిప్సిన్ మాంసకృత్తులను కోసే కత్తెరలు. ఆ కత్తెరలు పనిచేయకుండా అడ్డుపడే పదార్థాలను అది తయారుచేసుకుంటుంది. పురుగు బతికి ఉన్నంతకాలం ఈ ఏర్పాట్లన్నీ నడుస్తాయి. చచ్చాక నడవవు. మాత్ర వేశాక పిల్లవాడి మలంలో పురుగులేవీ కనపడలేదని, మాత్ర దండగని కొందరు తల్లులు మాతో అంటుంటారు. అమ్మా, కొన్ని పురుగులు అలాగే బయటికి వస్తాయి, కొన్ని చచ్చాక పేగులోనే అరిగిపోతాయి. కనపడనంత మాత్రాన మాత్ర పనిచేయలేదని కాదు.

పచ్చి బొప్పాయి సంగతి

మన వంటవాళ్ళు కబాబుకి, పత్తర్ కా గోష్త్‌కి మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు. బొప్పాయి పాలలోని పపైన్ మాంసకృత్తులను కోస్తుంది. అనాసలోనూ, అంజీరు పాలలోనూ ఇదే తరహా పదార్థాలున్నాయి. మన జీర్ణరసాలు చేయలేని పనిని ఇవి చేయగలవు. ప్రయోగశాలలో బతికున్న పురుగును వీటిలో ఉంచితే దాని అవభాసిని చిట్లి, కరిగిపోతుంది. పూర్వం అనేక దేశాల్లో బొప్పాయి పాలను పురుగుల మందుగా వాడింది ఊరికే కాదన్నమాట.

ఇంత చెప్పామని ఇంటికి వెళ్ళి పిల్లలకు బొప్పాయి పాలు పట్టవద్దు. ఆ పాలు నోటినీ పొట్టనూ ఒరిపిస్తాయి, ఎంత పడితే ఎంత పనిచేస్తుందో ఇంట్లో తూచలేం. గర్భిణులు పచ్చి బొప్పాయి జోలికి అసలే పోకూడదు. శాస్త్రవేత్తలు దీని మీద పని చేస్తున్నారు, చేయనివ్వండి. మన పిల్లలకు పరీక్షించి నిగ్గు తేల్చిన మందు చేతిలో ఉంది.

కవచంలోనే దారి

ఆ మందు పేరు ఆల్బెండజోల్. ఇంత గట్టి కవచాన్ని అది ఎలా దాటుతుంది? పగలగొట్టదు. కవచం పూర్తిగా మూసుకున్న గోడ కాదు. కొవ్వులో కరిగే మందులు పురుగు నోటి గుండా కంటే దాని చర్మం గుండానే ఎక్కువగా లోపలికి చేరతాయని ఏలికపాముల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. లోపలికి వెళ్ళిన ఆల్బెండజోల్ పురుగు కణాల్లోని సన్నని గొట్టాల్లాంటి నిర్మాణాలను కట్టుకోనివ్వదు. పురుగు చక్కెరను పీల్చుకోలేక, శక్తి లేక, కొద్ది రోజుల్లో చస్తుంది.

మన దేశంలో 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుగుతోంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ళ వారికి ఈ మాత్ర ఇస్తారు. రెండేళ్ళ లోపు వారికి సగం, అంటే 200 మిల్లీగ్రాములు, పొడి చేసి నీళ్ళలో కలిపి. ఆ పైవారికి 400 మిల్లీగ్రాముల మాత్ర. మూడేళ్ళ లోపు వారికి దాన్నీ పొడి చేసి నీళ్ళలో కలిపి ఇవ్వాలి, పెద్ద పిల్లలు నమిలి మింగాలి. ఆ రోజున జ్వరంతోనో, మరో జబ్బుతోనో ఉన్న పిల్లలకు ఇవ్వరు. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు మాత్ర వేశాక కాస్త కడుపునొప్పో, వికారమో వస్తుంది. ఇది చూసి భయపడి, ఆ రోజు బడికి పంపని తల్లిదండ్రులను మేము ఏటా చూస్తున్నాం. ఆ నొప్పి సాధారణంగా పురుగులు చస్తున్నప్పుడు వచ్చేది, కాసేపట్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలి. అసలే పురుగుల బెడద ఎక్కువగా ఉన్న పిల్లవాడిని ఇంట్లో దాచుకోవడం మాత్రం వాడికి మేలు చేయదు.

గుడ్డు పెంకు – మాత్రకు అందనిది

ఇంతవరకు విన్నవారు, "మాత్ర గెలిచింది కదా, కథ అయిపోయింది" అనుకోవచ్చు. అయిపోలేదు. ఒక ఆడ ఏలికపాము రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. పురుగును మాత్ర చంపేసరికే కోట్ల గుడ్లు మలంతో పాటు నేల మీదికి వచ్చేసి ఉంటాయి. గుడ్డు కంటికి కనిపించదు. దాని పెంకు మాత్రం పురుగు చర్మం కంటే గడుసైనది.

పురుగు చర్మంలో లేని కైటిన్ ఇక్కడ ఉంది, పెంకు మధ్య పొరలో, రొయ్య పెంకులో ఉన్నట్టే. దాని లోపల మైనంలాంటి పొర ఉంది. ఆస్కరోసైడ్లు అనే ప్రత్యేక పదార్థాలతో తయారైన ఈ పొర గుండా యాసిడ్లు, చాలా రసాయనాలు లోపలికి పోలేవు. ప్రయోగశాలల్లో ఈ గుడ్లను పలచని గంధకామ్లంలోనో, పలచని ఫార్మలిన్‌లోనో ఉంచి పొదిగిస్తారంటే నమ్మండి. ఇతర సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, గుడ్డులోని పిల్ల హాయిగా పెరుగుతుంది. తాగునీటిలో కలిపే క్లోరిన్ దాన్ని ఏమీ చేయలేదు. పెంకు బయట జిగురు పూత ఉంది. దానితో వేళ్ళకు, గోళ్ళ సందులకు, ఆకుకూరలకు అంటుకుంటుంది.

తేమ, నీడ ఉన్న మట్టిలో 2 నుంచి 4 వారాల్లో గుడ్డు అంటుకునే స్థితికి వస్తుంది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. పిల్లవాడు మట్టిలో ఆడి, చేయి కడగకుండా రొట్టె తింటాడు. పేగులోని వెచ్చదనం, అక్కడి బొగ్గుపులుసు వాయువు తగిలాకే లోపలి పిల్లపురుగు పెంకును కరిగించే రసాలు వదిలి బయటికి వస్తుంది. బయటి నుంచి మనం తెరవలేని తాళాన్ని అది లోపలి నుంచి తీసుకుంటుంది. అక్కడి నుంచి రక్తంలో పడి కాలేయానికి, ఊపిరితిత్తులకు వెళ్ళి, గొంతులోకి వచ్చి, మింగుడుపడి మళ్ళీ పేగుకు చేరుతుంది. రెండు మూడు నెలల్లో అదీ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది.

అందుకే మాత్ర ఒక్కటే ఇచ్చి, మట్టిని అలాగే వదిలేసిన చోట ఏడాది తిరిగేసరికి ఏలికపాములు దాదాపు మునుపటి స్థాయికే వస్తున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. కొరడా పురుగు మీదైతే ఒక్క మోతాదు ఆల్బెండజోల్ అంత బాగా పనిచేయదు కూడా.

మరి గుడ్డును ఏది ఓడిస్తుంది? వేడి. నీళ్ళు మరిగిస్తే, కూర బాగా ఉడికిస్తే గుడ్డు చస్తుంది. రెండోది, కాలం. మలాన్ని మట్టికి చేరకుండా గుంతలో మూసి ఉంచితే, గుడ్డు అక్కడే ఉండి ఉండి చస్తుంది. రెండు గుంతల మరుగుదొడ్డి మేలన్నది ఇందుకే. ఒకటి నిండాక మూసేసి, రెండోది వాడుకోవాలి. మూసిన గుంతను ఏడాదిన్నరకు తగ్గకుండా కదపకూడదు. మూడోది, కడగడం. సబ్బు గుడ్డును చంపదు, జిగురును విడదీసి వేళ్ళ మీద నుంచి ఊడగొడుతుంది. ఆకుకూరను ఉప్పునీళ్ళలో ముంచి తీస్తే చాలదు. పారే నీటి కింద ఆకు ఆకునూ రుద్ది కడగాలి.

చెప్పుల విషయం

కొంకిపురుగు దారి వేరు. దాని గుడ్డు మట్టిలోనే పొదుగుతుంది. పిల్లపురుగు తాను విడిచిన కుబుసాన్ని పారేయకుండా తొడుగులాగ ఒంటి మీదే ఉంచుకుని తడిమట్టిలో కాచుకుని ఉంటుంది. వట్టి పాదం తగలగానే తొడుగు వదిలి చర్మంలోకి దూరుతుంది. ఈ సంగతి బయటపడింది కైరోలో. 19వ శతాబ్దం చివరిలో అక్కడ పనిచేసిన ఆర్థర్ లూస్ అనే శాస్త్రవేత్త చేతి మీద ఈ పిల్లపురుగులున్న నీళ్ళు ఒలికాయి. దురద వచ్చింది, కొన్నాళ్ళకు ఆయన మలంలోనే కొంకిపురుగు గుడ్లు కనిపించాయి.

కొంకిపురుగుల్లో పెద్ద రకం ఒక్కొక్కటి రోజుకు 0.15 మిల్లీలీటర్ల దాకా రక్తం పోగొడుతుంది. 100 పురుగులుంటే రోజుకు 15 మిల్లీలీటర్లు, అంటే 3 చెంచాలు. తిండే అంతంతమాత్రంగా ఉన్న ఆడపిల్లకు రోజూ 3 చెంచాల రక్తం పోతే పాఠం ఎలా ఎక్కుతుంది? హైదరాబాదు దిగువన మూసీ మురుగునీటితో సేద్యం చేసే కుటుంబాల్లో కొంకిపురుగు బెడద ఎక్కువని అక్కడ జరిగిన పరిశోధన చూపింది. ఆ బెడదకు అడ్డంగా నిలిచే వస్తువుల్లో ఒక జత చెప్పులు కూడా ఒకటి.

దాతలకు మా విన్నపం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలం. పురుగు కవచాన్ని దాటే మాత్ర ప్రభుత్వం ఇస్తోంది. దానికి మన డబ్బు అక్కర్లేదు, మన మనుషులు కావాలి. గుడ్డు పెంకును ఏ మాత్రా దాటలేదు. అక్కడే మన డబ్బు కావాలి.

మా విన్నపాలు నాలుగు. ఒకటి, ఫిబ్రవరి, ఆగస్టు మాత్రల రోజున మన యువకులు వాడలో తిరిగి, బడికి వెళ్ళని పిల్లలను, మదర్సాల్లో చదివే పిల్లలను దగ్గరి అంగన్‌వాడీకి తీసుకువెళ్ళాలి. రెండు, పాఠశాలలకు ఇచ్చే విరాళంలో మరుగుదొడ్డి కట్టడానికే కాక, దాన్ని రోజూ శుభ్రం చేసే మనిషి జీతానికి, నీటికి కూడా కొంత కేటాయించాలి. తాళం వేసి ఉన్న మరుగుదొడ్డి గుడ్లను ఆపదు. మూడు, చేతులు కడిగే చోట ఏడాది పొడవునా సబ్బు ఉండాలి. ప్రారంభోత్సవం రోజున పెట్టిన సబ్బు వారంలో అరిగిపోతుంది. నాలుగు, పండుగకు బట్టలతో పాటు పిల్లలకు ఒక జత చెప్పులు, ఇంటికొక గోళ్ళ కత్తెర ఇవ్వండి.

ఇవి ఫొటోలో పెద్దగా కనపడే దానాలు కావని మాకు తెలుసు. భవనం కడితే పేరు రాయించుకోవచ్చు, సబ్బు మీద ఎవరి పేరూ రాయలేం. కాని తరగతి గదిలో మాకు కనిపించేది ఇదే. కడుపు నొప్పితో బల్ల మీద తల వాల్చే పిల్లలు, రక్తం లేక పాలిపోయి రెండో పీరియడ్‌కే నిద్రపోయే ఆడపిల్లలు. మేము ఎంత బాగా చెప్పినా ఆ పాఠం వాళ్ళకు అందదు. మీరిచ్చే స్కాలర్‌షిప్పు వాళ్ళకు పూర్తిగా పనికిరావాలంటే, ముందు వాళ్ళు మెలకువగా కూర్చోగలగాలి.

 ఇక భోజనాలకు లేద్దాం. కుళాయి దగ్గర సబ్బు పెట్టించాం.